అసలు తోలు

గట్టిపడిపోయిన మనిషి చర్మాన్ని మళ్ళీ మెత్తబరిచే యంత్రాన్ని ఈ భూమ్మీద మొట్టమొదట నడిపిన చెయ్యి ఎవరిదని రేపు మీ పిల్లల పరీక్షలో ప్రశ్న వస్తే, సందేహించకుండా నా పేరు రాయమనండి. విరూపాక్ష, ఆదోని. నడపడమంటే స్విచ్చి నొక్కడం. నొక్కడమంటే వేయడానికి కాదు, ఆపడానికి. ఇంకా నిజం చెప్పాలంటే, ఆపాల్సిన అవసరం వస్తే ఆపడానికని ఒక ఎర్ర స్విచ్చి మీద వేలు పెట్టుకుని పక్కగదిలో కూచోవడం. రెండేళ్ళలో ఆ అవసరం ఒక్కసారే వచ్చింది. ఇది ఆ ఒక్కసారి కథ.

అప్పుడు 2068. అనంతపురంలో ఆటోలు డ్రైవర్లు లేకుండా తిరుగుతున్నాయి. అయినా నలుగురు ఎక్కేదాకా కదలవు. ఆ బుద్ధి వాటికి ఎవరు నేర్పారో తెలీదు. బజార్లో తోలు దొరకడం మానేసి పదిహేనేళ్ళయింది. చెప్పులూ సంచులూ అన్నీ పుట్టగొడుగుల నుంచో ప్లాస్టిక్ నుంచో వస్తున్నాయి. దాంతో ఒంటి మీద నిజమైన తోలు వస్తువు ఒకటున్న మనిషి నడకే వేరుగా ఉండేది. మా పరిశోధన కేంద్రం డైరెక్టర్ భుజంగరావుగారికి వాళ్ళ తాతగారి బూట్లు ఉన్నాయి. నాకు బెల్టు ఉంది. అసలు తోలు. ఈ సంగతి కేంద్రంలో తెలియనివాళ్ళు లేరు, ఎందుకంటే అందరికీ నేనే చెప్పాను.

ఆరో సిట్టింగు జరుగుతోంది. గదిలో బండిచక్రమంత ఉంగరం ఒకటి నిలబడి ఉంది. దాని ముందు కుర్చీలో మా పేషెంట్ హనుమక్క. ఆమె చెంపలకు డాక్టర్ వకుళ నీలంరంగు జెల్ పూశారు. పక్కగదిలో ఉన్న నాకు వాళ్ళ మాటలు వినబడవు. గోడల్లో సీసం పోశారు, ఏ మోతా ఇటు రాదు. యంత్రానికి ఇచ్చిన ఆజ్ఞ మాత్రం నా ముందున్న తెర మీద అక్షరాలుగా కనబడుతుంది.

“కుడి చెంప. వదులు.”

లోపల పిల్లి గురక లాంటి మోత నాలుగు సెకన్లు నడిచిందని తెరే చెప్పింది. ఆగింది. నా వేలికి పనిలేదు.

ఈ యంత్రం ఏం చేస్తుందో తెలియాలంటే ముందు నులక మంచం సంగతి తెలియాలి. మంచం కోళ్ళూ పట్టెలూ ఎముకలనుకోండి. మీద పడుకున్నవాళ్ళు గుండె, ఊపిరితిత్తులు, పేగులు వగైరా పెద్దమనుషులు. మధ్యలో అల్లిన నులకను ఎవరూ తలుచుకోరు. అది తెగితే పెద్దమనుషులందరూ నేలమీదే. ఒంట్లో ఆ నులక పేరు సంయోజక కణజాలం, అందులో ముఖ్యమైన దారం కొల్లాజెన్. చర్మంలో, కీళ్ళలో, రక్తనాళాల గోడల్లో, ముద్ద దిగే గొట్టంలో, ఊపిరితిత్తుల పొరల్లో, అన్నిచోట్లా అదే అల్లిక. అందుకే దానికి జబ్బు చేస్తే ఒక్కచోట చేసి ఊరుకోదు.

కొందరికి పుట్టుకతోనే నులక వదులు. చిటికెనవేలు వెనక్కి నిటారుగా లేస్తుంది, దుప్పటి దులిపితే భుజం జారుతుంది. ఇంకొందరికి, ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే మతితప్పి సొంత ఒంటి మీదికే లేస్తుంది. ఆ గొడవలో దారం వడికే కణాలు ఆపడం మరిచిపోయి వడుకుతూనే ఉంటాయి. నులక మీద నులక, ముడి మీద ముడి. బిగిసి బిగిసి మంచం కాస్తా చెక్కబల్ల అవుతుంది. దాన్ని స్క్లెరోడెర్మా అంటారు. హనుమక్కది అదే.

ఆమెకు యాభైరెండేళ్ళు. ధర్మవరం దగ్గర ఒక ఊళ్ళో తోలుబొమ్మలాట ఆడే కుటుంబం. దేశం మొత్తం మీద మేకతోలు వాడుకునేందుకు పర్మిట్ ఉన్న కొద్దిమందిలో ఆమె ఒకరు. బొమ్మ చెక్కేదీ ఆమే, ఆడించేదీ ఆమే, పదకొండు పాత్రలకు గొంతు ఇచ్చేదీ ఆమే.

“మీ జబ్బును మొదట కనిపెట్టింది ఏ డాక్టరక్కా?” అని మొదటిరోజు అడిగాను.

“డాక్టరెందుకప్పా? నేనే కనుక్కున్యా. సలికాలం నీళ్ళలో చెయ్యి పెడితే ఏళ్ళు సున్నం కొట్టినట్ల తెల్లగయితాండె, మళ్ళ నేరేడుపండు మాదిరి తిరుగుతాండె. సరే, సలిలే అనుకున్యా. ఒగనాడు ముంజేతి మీద కొట్టి చూస్తే టక్కుమనె. మూడ్రోజులు ఎండలో బిగగట్టిన మేకతోలు అట్లే మోగుతాది. బతికుండంగనే ఎవురో నన్ను సాగదీసి ఆరబెడతాండారు అనుకున్యా.”

“భయం వేయలేదా?”

“భయం కన్నా కోపం వచ్చెప్పా. మొగంలో ముడతలన్నీ పోయి నున్నగయిపొయె. ఊళ్ళో ఆడోళ్ళు ఒగరెనక ఒగరొచ్చి, ఏం క్రీము పూస్తాండావని అడిగేది. నోట్లో ముద్ద పట్టక నేను ఏడుస్తాంటే!”

ఆమె నోరు, సంచి మూతికి దారం లాగినట్టు ముడుచుకుపోయింది. మామూలు మనిషి నోట్లో తన మూడు వేళ్ళు నిలువుగా పడతాయి. ఆమెకు ఒకటిన్నర. పదకొండు పాత్రల్లో పది వెళ్ళిపోయాయి. “రాజు చెవులో గుసగుసలాడే మంత్రి ఒగడే మిగిలినాడు నాకు. వాడు మాట్లాడేది రాజుకే సరిగ్గా ఇనబడదు, ఇంగ జనానికేం ఇనబడుతుంది?” అంది. వేళ్ళు కూడా లోపలికి వంగిపోయి, పిడికిలి సగం మూసినట్టే ఉండిపోయాయి.

ఆ వంగిన వేలి కణుపుతోనే నా బెల్టు చివర పట్టి రాసింది. ముక్కు దగ్గరికి తెచ్చి వాసన చూసింది.

“మంచి బెల్టప్పా.”

“అసలు తోలక్కా,” అన్నాను, నడుము కాస్త నిక్కించి.

“అవునవును. దీన్నిచ్చిన మేక సల్లగుండాల. ఇంగా యాడో ఒగచోట మేస్తానే ఉంటాది.”

నా బెల్టును అంత ప్రేమగా మెచ్చుకున్నవాళ్ళు అంతకుముందు లేరు.

ఇక యంత్రం. అందులో రెండు మోతలు. మొదటిది చెవికి వినబడదు. చర్మంలోకి పోయి నులక ఎంత బిగిసిందో చూసుకుని తిరిగి వస్తుంది, మంచం కొనేవాడు అరచేత్తో నొక్కి చూసినట్టు. రెండోది, ఎక్కువైన ముళ్ళను విప్పుతుంది. ప్రాణమున్న కణాలు తమ దారాన్ని తాము కాపలా కాసుకుంటాయి. ఆ కాపలావాళ్ళను కాసేపు జోకొట్టడానికే నీలం జెల్. జెల్ పూయనిచోట మనిషికి ఏమీ కాదు. కానీ చచ్చిన తోలుకు కాపలావాడు ఎక్కడున్నాడు? దానిలోని నులకా కొల్లాజెనే. అందుకే గుమ్మం పక్కన బోర్డు పెట్టారు: ‘తోలు వస్తువులు లోపలికి తేరాదు.’ తోలే దొరకని కాలంలో ఆ బోర్డు చదివినవాళ్ళు లేరు. డైరెక్టర్‌గారు రోజూ తాతగారి బూట్లతోనే దాన్ని దాటి వచ్చేవారు.

డాక్టరమ్మ చేతులు ఎప్పుడూ జెల్‌తో జిగటగా ఉంటాయి కాబట్టి యంత్రానికి నోటితోనే ఆజ్ఞ. ఎవరు చెప్పినా వింటుంది. ఒంట్లో భాగం పేరు, ఆ తర్వాత ‘వదులు’. భాగం పేరు చెప్పకపోతే గదిలో తనకు అందినదంతా సడలిస్తుంది, స్విచ్చి నొక్కి ఆపేదాకా. ఆ మాటను ఎంచుకున్నది పదకొండుమంది ఇంజనీర్ల బృందం. అందరూ తెలుగువాళ్ళే. వదులు అంటే సడలించు అనే కాదు, విడిచిపెట్టు అని కూడా అర్థమని పదకొండుమందిలో ఒక్కరికీ తట్టలేదు. పొరపాటున ఎవరైనా ఆ మాట అంటే? దానికే పక్కగది, ఎర్ర స్విచ్చి, నా వేలు.

ఎనిమిదో సిట్టింగు తర్వాత హనుమక్క నోట్లో మూడు వేళ్ళు పట్టాయి. డాక్టర్ వకుళ కొలిచి, మళ్ళీ కొలిచి, కళ్ళు తుడుచుకుని ఫైల్లో రాసుకున్నారు.

“ఇంగ చేతులు ఎప్పుడు తల్లీ?” అంది హనుమక్క.

“రెండో దశలో. ఈ కేంద్రానికి ఒక్కరికే చోటుంది. మంగళవారం కమిటీ వస్తోంది. నిన్ను చూసి ఒప్పుకోవాలి.”

“మూడు వేళ్ళు నోట్లో పెట్టుకుని చూపిస్తే ఏం బాగుంటాదమ్మా? ఆడి చూపిస్తా.”

డాక్టరమ్మ ఫైలు మూసి, “తీసుకురా బొమ్మల్ని,” అన్నారు.

మంగళవారం పొద్దున పదకొండు గంటలకు కమిటీ వచ్చింది. భుజంగరావుగారే అధ్యక్షులు. కిటికీ పరదాలు దింపి గది చీకటి చేశారు. రెండు స్టాండ్ల మధ్య తెల్లపంచె కట్టి వెనక దీపం పెట్టారు. ఆట అయ్యాక అక్కడికక్కడే కొలతలు చూపించాలని ఉంగరాన్ని ఆన్‌లోనే ఉంచారు. వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు కాబట్టి హనుమక్క బొమ్మల పుల్లల్ని గుడ్డపీలికలతో మణికట్లకు కట్టుకుంది. రెండు బొమ్మలు: ఒక గయ్యాళి పెళ్ళాం, ఒక సోంబేరి మొగుడు. పెళ్ళాం బొమ్మను చెక్కింది హనుమక్క అవ్వ. తొంభై ఏళ్ళ నాటిది, దీపం ముందు పెడితే చెరుకుపాకం రంగులో వెలిగేది.

నా స్థానం పక్కగది. కానీ అక్కడ మాటలు వినబడవు, అక్షరాలే. తోలుబొమ్మలాటను అక్షరాల్లో చూడటమంటే పెళ్ళిభోజనాన్ని మెనూకార్డులో తినడమే. తలుపు సందులోంచి జారి, చీకట్లో వెనకగోడకు ఆనుకుని నిలబడ్డాను. మా ఇద్దరికీ, అంటే నాకూ స్విచ్చికీ, మధ్య ముప్ఫై అడుగుల దూరం.

తెర వెనకనుంచి ఒక గొంతు లేచింది. ఎనిమిది సిట్టింగుల కిందట ఒకటిన్నర వేలు పట్టిన నోటిలోంచి వస్తోందంటే నమ్మడం కష్టం.

“యాడికి పోయినావురా పొద్దున్నుంచీ?”

“నీకు కమ్మలు తెద్దామనే పోయింటి!”

“ఏవీ?”

“అంగడి మూసినాడే!”

“మరి నోట్లో ఆ ఎరుపేంది?”

“దాని పక్కనుండే వక్కాకు అంగడి తెరిచినాడే!”

నేను నవ్వాను. నా నవ్వు చిన్నది కాదు. మా ఆదోనిలో సినిమాహాలు వాళ్ళు నన్ను గుర్తుపట్టేది దానితోనే.

పెళ్ళాం ఊరుకుంటుందా? మొగుడి జుట్టు పట్టుకుంది. మొగుడు తెరంతా గిరగిర తిరుగుతూ కేకపెట్టాడు.

“వదులు! నీ కాళ్ళు మొక్కుతా, నా జుట్టు వదులు!”

పిల్లి గురక మొదలైంది.

యంత్రానికి తెలిసిన భాగాల్లో జుట్టు లేదు. అంటే భాగం పేరు చెప్పనట్టే. తెరమీద పెళ్ళాం బొమ్మ మొదట నడుము దగ్గర వంగింది. అదీ ఆటలో భాగమే అనుకుని కమిటీ చప్పట్లు కొట్టింది. తర్వాత తల వాలింది. చెయ్యి దోసెపిండిలా కిందికి సాగింది. అప్పటికి నేను పరుగు అందుకున్నాను. తొమ్మిది సెకన్లు పట్టింది స్విచ్చి చేరడానికి. కుర్చీలో ఉండుంటే సెకను చాలు.

పరదాలు ఎత్తారు. డైరెక్టర్‌గారి తాతగారి బూట్లు కాల్చిన వంకాయల్లా నేలకు అతుక్కున్నాయి. కమిటీలోని పెద్దావిడ తలుపు దగ్గర పెట్టిన పాత సంచి, నేను ఆనుకున్న వెనకగోడకు తగిలించిన పాత తోలు కవరు, అన్నీ ముద్దయ్యాయి. మనుషులకు ఏమీ కాలేదు. హనుమక్క రెండు బొమ్మల్నీ ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

విచారణ మధ్యాహ్నమే పెట్టారు. భుజంగరావుగారు మేజోళ్ళతో వచ్చి కూచున్నారు. మేజోళ్ళతో న్యాయం చెప్పే మనిషికి మామూలుకన్నా కోపం ఎక్కువ.

“గదిలో ఉన్న ప్రతి తోలూ పోయింది. చివరి గోడదాకా. అప్పుడు ఆపరేటర్ ఎక్కడున్నాడు?”

నేను నోరు తెరిచాను. నిజం చెప్దామనే తెరిచాను. ఆయన చెయ్యెత్తి ఆపారు.

“నిన్ను అడగక్కర్లేదు. లేచి నిలబడు. చూడండి అందరూ, ఇతని బెల్టు. అసలు తోలు. రెండేళ్ళుగా వింటున్నాం కదా ఈ సంగతి. ఎలా ఉంది? కర్రలా ఉంది. ఇతను గదిలో ఉండుంటే ఇది మిగిలేదా? పక్కగదిలో సీసం గోడల వెనక, తన సీట్లో ఉన్నాడు. స్విచ్చే ఆలస్యంగా పనిచేసి ఉంటుంది. బాగుచేయిద్దాం.”

అందరూ నా నడుము వంక చూసి తలలూపారు. అంత మర్యాదైన సాక్షి నా జన్మలో దొరకలేదు. నేను నోరు మూసుకున్నాను.

“అంటే తప్పు ఎవరిది?” ఆయనే అడిగి, ఆయనే చెప్పారు. “రూలుకు విరుద్ధంగా తోలు తెచ్చినవాళ్ళది. ఆజ్ఞ మాట పలికినవాళ్ళది. ఈ పేషెంట్‌ను రెండో దశకు పంపలేం.”

“బొమ్మలు తెమ్మన్నది నేనండీ,” అన్నారు డాక్టర్ వకుళ.

“మీ సంగతి వేరే చూస్తాం. రూళ్ళ కాగితం మీద ఆమె సంతకం ఉందా, లేదా?”

“సంతకం యాడిది సామీ, వేలిముద్ర,” అంది హనుమక్క. “వేళ్ళు రాకుంటే డాక్టరమ్మే పట్టి ఏయించె. ఆ మాట అన్యది నేనే. కాదనను.”

“ఆపరేటర్ గదిలో లేడు కదా? నువ్వేమైనా చూశావా?”

“నేను తెర ఎనక ఉంటి. నాకేం కనబడతాది? నవ్వులు ఇనబడినాయి, అంతే.”

“ఎవరి నవ్వులు?”

“బాగా నవ్వినోళ్ళవి సామీ.”

ఆయన పెన్ను తీశారు. హనుమక్క అవ్వ బొమ్మను మడవాలని చూసింది. సగం మూసిన పిడికిళ్ళతో ఆ జారే తోలు ఎక్కడ చిక్కుతుంది? ఒక కొస పట్టుకుంటే ఇంకో కొస జారిపోతోంది. నేను వెళ్ళి మడతపెట్టి ఇచ్చాను.

“పచ్చితోలయిపొయె,” అంది నెమ్మదిగా, నాకు మాత్రమే వినబడేట్టు. “ఏం పర్వాలేదులే. మళ్ళీ లాగి, ఆరబెట్టి, రంగులేస్తే మా అవ్వ బొమ్మే. కాకుంటే అంత పనికి చేతులుండాల.” మడతను ఒళ్ళోకి తీసుకుని, “బో నవ్వినావప్పా ఈ పొద్దు. ఎడంపక్క, ఎనకగోడ కాడ. నాలుగేండ్లాయె నా ఆటకు నవ్వు ఇని,” అంది.

ఆ తర్వాత నా బెల్టు వంక ఒకసారి చూసి, చూపు తిప్పేసుకుంది.

ఆటగత్తెకు ఏ నవ్వు ఏ మూలనుంచి వచ్చిందో తెలుస్తుంది. తోలు చెక్కేవాళ్ళకు ఇంకా చాలా తెలుస్తాయి. తెలిసి కూడా ఆమె చెప్పలేదు. చెప్పుంటే నాకు హాయిగా ఉండేది.

నేను డైరెక్టర్‌గారి బల్ల దగ్గరికి వెళ్ళి ఒక వాక్యం చెప్పాను. ఒక్కటే. ఆయన పెన్ను ఆగిపోయింది. గదిలో ముందు ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత ఇంకొకరు, చివరికి పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ వాక్యం ఏమిటో చెప్తాను. కాస్త ఓపిక పట్టండి, ఇంకా కొంచెం సిగ్గుగానే ఉంది.

ముందు మిగతాది వినండి. నన్ను స్విచ్చి నుంచి తీసేసి జెల్ సీసాలు నింపే పనిలో వేశారు. స్విచ్చి దగ్గర ఇప్పుడు, ఏ జోకుకూ నవ్వని ఒకాయన ఉన్నాడు. ‘వదులు’ తీసేసి ఏడంకెల నంబరు పెట్టారు. హనుమక్కకు రెండో దశ చోటు దొరికింది. కుడిచెయ్యి పూర్తయింది, ఎడమచెయ్యి నడుస్తోంది. మొహం మీద ముడతలు తిరిగొచ్చాయి. ఇప్పుడు ఊళ్ళో ఆడవాళ్ళు క్రీము గురించి అడగడం మానేసి, “ఏమక్కా, ఇంత ముసిల్దానివైపోయినావే?” అంటున్నారట. ఆ మాట చెప్పేటప్పుడు మూడు వేళ్ళు కాదు, నాలుగు పట్టేంత నవ్వుతుంది.

యంత్రానికి పేరు కూడా బాగా వచ్చింది, కాకపోతే వేరే పనికి. అసలు తోలేదో నకిలీ ఏదో తొమ్మిది సెకన్లలో తేల్చేస్తుందని తెలిశాక, ఊరూరినుంచీ జనం బూట్లూ సంచులూ పట్టుకుని క్యూ కడుతున్నారు. అసలుదైతే ముద్దయిపోతుందని చెప్పినా వినరు. ముద్దయినవాళ్ళు ఆనందంగా ఇంటికి పోతున్నారు, మిగిలినవాళ్ళు ఏడుస్తూ పోతున్నారు. జబ్బు ఉన్నవాళ్ళకు దారి దొరక్క, చివరికి గుమ్మం పక్కన కొత్త బోర్డు రాయించాం: ‘ఇక్కడ చెప్పులు పరీక్షించబడవు.’ భుజంగరావుగారు మాత్రం ఆ క్యూను చూసినప్పుడల్లా కాస్త గర్వంగా తన కొత్త రబ్బరు చెప్పుల్ని చూసుకుంటారు. ఆయన బూట్లు అసలువని ఇప్పుడు చరిత్రలో నమోదైంది కదా.

అవ్వ బొమ్మను హనుమక్క మళ్ళీ లాగి ఆరబెట్టింది. నడుము దగ్గర చిన్న వంపు మిగిలింది, గయ్యాళికి అదే అందమంటుంది. కుడిచేత్తో కొత్త బొమ్మ కూడా ఒకటి చెక్కింది. పొడుగ్గా, సన్నగా, నోరంతా నవ్వుగా ఉంటాడు. ఒళ్ళంతా మేకతోలే, నడుము చుట్టూ బెల్టు మటుకు ప్లాస్టిక్ ముక్క. వాడు తెర మీదికి రాగానే పెళ్ళాం బొమ్మ వాడి నడుము వంక చూసి అడుగుతుందట, “ఏమప్పా, ఏ మేక ఇచ్చింది దీన్ని?” అని. వాడు చెప్పే జవాబుకు ఊరు ఊరంతా పడీపడీ నవ్వుతుందట.

ఆ జవాబు వాడిది కాదు, నాది. ఆ మధ్యాహ్నం డైరెక్టర్‌గారి బల్ల ముందు నిలబడి, బెల్టు విప్పి ఆయన ఫైలు మీద పెట్టి, నేను చెప్పిన వాక్యమది:

“సార్, నేను గదిలోనే ఉన్నాను; ఇది రెక్సిన్.”